రిజిస్ట్రీ శుద్ధి

ఇంటి కంప్యూటరు కొంచెము మందగించినదో లేదో, "మీ రిజిస్ట్రీలో 800 దోషములు గలవు, తక్షణము శుభ్రపరచుకొనుడు" అను ప్రకటన తెరపై ప్రత్యక్షమగును. ఆ అంకెను చూచి బెదరని గృహస్థుడు అరుదు.

విండోస్ వ్యవస్థకు రిజిస్ట్రీ పూర్వపు గ్రామకరణము దస్తరము వంటిది. ఏ ప్రోగ్రాము ఎచ్చట నున్నది, ఏ ఫైలును ఏది తెరువవలెను, ప్రింటరు ఏది, కీబోర్డు ఏ భాషది అను లెక్కలన్నియు అందుండును. మొదట ఒక్కొక్క ప్రోగ్రాము తన లెక్కలను వేరువేరు ఫైళ్లలో దాచుకొనెడిది. 1992లో విండోస్ 3.1తో చిన్నదిగా మొదలైన రిజిస్ట్రీ, 1995లో విండోస్ 95 నాటికి వ్యవస్థకంతటికి ఆధారమైనది.

ప్రోగ్రామును తొలగించినప్పుడు దాని పద్దులు కొన్ని మిగిలిపోవును. శుభ్రపరచు సాధనములు సాధారణముగా వీనినే దోషములని లెక్కించును. చిరునామాల పుస్తకములో ఊరు విడిచిన వాని పేరున్నంత మాత్రమున తక్కినవారి ఉత్తరములు ఆలస్యము కావు గదా! వ్యవస్థ రిజిస్ట్రీని మొదటినుండి తుదివరకు చదువుచు పోదు. కావలసిన పద్దునకు శాఖల వెంట నేరుగా పోవును. కనుక కొన్ని వందల పద్దులు తగ్గినందున వేగము పెరుగుట కానరాదు. పైగా కొన్ని పద్దులు బుద్ధిపూర్వకముగనే మిగుల్చబడును. ఆ ప్రోగ్రామును మరల స్థాపించినచో పాత అమరికలు దొరకవలెనని. విడిగా తగిలించు డిస్కుపై నున్న ప్రోగ్రాము సైతము, డిస్కు తగిలింపని వేళ, సాధనము కంటికి లేనిదే యగును.

ఒకప్పుడు నేనును ఇట్టి సాధనమును నమ్మి "అన్నియు సరిచేయుము" అను మీట నొక్కితిని. మరునాడు పిల్లవాని పరీక్షకు కావలసిన పాఠములలో ఒక్కటియు తెరచుకొనలేదు. ఫైళ్లు ఎచ్చటికిని పోలేదు. వానిని ఏ ప్రోగ్రాము తెరువవలెనో చెప్పు పద్దు పోయినది. ఆ పగలంతయు మరమ్మతుకే సరిపోయినది, పిల్లవాని చదువు సాగలేదు. మైక్రోసాఫ్టువారు తామే 1990లలో రెగ్‌క్లీన్ అను సాధనము నిచ్చి, పిదప ఉపసంహరించుకొనిరి. ఇట్టివాని వాడుకను తాము సమర్థింపమనియు చెప్పియున్నారు.

అయినను రిజిస్ట్రీని ముట్టవలసిన సందర్భములు లేకపోలేదు. ఎన్నడో తొలగించిన ప్రోగ్రాము ఫైలు కానరాలేదని కంప్యూటరు తెరచినప్పుడెల్ల ఫిర్యాదు రావచ్చును. అట్టి వేళ ముందుగా ఒక రిస్టోర్ పాయింటును ఏర్పరచుకొనుడు. సిస్టమ్ ప్రొటెక్షన్ అను అమరిక అనేక కంప్యూటర్లలో ఆపబడియే యుండును, దానిని చూచుకొనవలెను. రెగ్‌బ్యాక్ అను ఫోల్డరులో రిజిస్ట్రీ ప్రతిని దానంతట దాచు ఏర్పాటు విండోస్ 10లో 2018 నాటి 1803 రూపమునుండి లేదు. పిదప రిజిస్ట్రీ ఎడిటరులో మీరు మార్పదలచిన శాఖను ఎక్స్‌పోర్టు చేసి భద్రపరచుడు. ఆ ప్రతిని మరల చేర్చినచో తుడిచిన పద్దులు తిరిగివచ్చును గాని, నడుమ క్రొత్తగా చేరినవి చెరగవు. ఒక్క పద్దును మార్చి, కంప్యూటరును మరల ప్రారంభించి చూచిన పిమ్మటనే రెండవదాని జోలికి పోవలెను. రిస్టోర్ పాయింటు మీ ఛాయాచిత్రములను కాపాడదు. వానికి వేరొక డిస్కుపై ప్రతి యుండవలెను.

ఇక మందగింపు మాట. టాస్క్ మేనేజరులో స్టార్టప్ పట్టికను తెరచి చూడుడు. కంప్యూటరు మేల్కొనగనే తామును మేల్కొను ప్రోగ్రాములు అచ్చట బారులు తీరియుండును. అక్కరలేని వానిని ఆపి, నిండిన డిస్కులో కొంత చోటు చేసిన పిదప మార్పు కనబడనిచో, మెమరీ చాలుచున్నదో లేదో నిపుణునిచే చూపించుకొనవచ్చును.