ఆగని ఊపిరికీ లెక్క ఎందుకు?

ప్రశ్న: గురక పెట్టేవాళ్లకు నిద్రలో ఊపిరి ఆగుతుందని విన్నాం. స్లీప్ స్టడీ రిపోర్టులో మాత్రం ఆగినవాటితోపాటు ‘హైపోప్నియా’ అని ఇంకో లెక్క ఉంటోంది. ఊపిరి తగ్గిందంతే, ఆగలేదు కదా. దాన్నెందుకు లెక్కపెడతారు? ఎలా?

జవాబు: చెరువులోంచి నీళ్లు లాగే మోటారుకు మెత్తటి పైపు తగిలిస్తే, లాగేకొద్దీ అది లోపలికి అదుముకుపోతుంది. అందుకే అక్కడ తీగచుట్ట ఉన్న సక్షన్ పైపు వాడతారు. మన శ్వాసనాళానికీ మృదులాస్థి కట్లు ఉన్నాయి. దానికి పైన, నాలుక వెనకున్న గొంతుకు మాత్రం ఏ కట్టూ లేదు. కండరాలే దాన్ని తెరిచి ఉంచాలి. నిద్రలో అవి సడలుతాయి, కలలొచ్చే దశలో మరీను. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. మెడలో కొవ్వు, చిన్న దవడ, రాత్రి వేసుకున్న ‘మందు’ (సీసాలోదైనా, కొన్ని నిద్రమాత్రలైనా) తోడైతే దారి ఇంకా ఇరుకవుతుంది. పూర్తిగా మూసుకుంటే ఆప్నియా, కొంత మూసుకుంటే హైపోప్నియా. గొంతు తెరిచే ఉన్నా, ఊపిరి తీయమని మెదడు ఇచ్చే ఆజ్ఞ బలహీనపడి గాలి తగ్గడమూ ఉంది గానీ, అది తక్కువ.

గాలి తగ్గితే నెత్తురులో ఆక్సిజన్ పడిపోవచ్చు. లేదా అంతదాకా రాకముందే మెదడు ఉలిక్కిపడి, క్షణకాలం మేలుకుని, గొంతు కండరాలను బిగించవచ్చు. ఆ మెలకువ మనిషికి గుర్తుండదు. వందసార్లు అలా లేచినవాడు కూడా పొద్దున్నే ‘బాగానే పడుకున్నా’ అంటాడు, మధ్యాహ్నం కుర్చీలో తూగుతాడు. ఊపిరి ఆగకపోయినా లెక్కపెట్టేది ఇందుకే.

ఇక కొలవడం. ఆగిన ఊపిరిని పట్టుకోవడం తేలిక: వదిలే గాలి వెచ్చన, పీల్చేది చల్లన కాబట్టి ముక్కు, నోటి దగ్గర వేడిని పసిగట్టే సెన్సర్ చాలు. తగ్గిన ఊపిరి దగ్గర అది తడబడుతుంది. గాలి మూడోవంతు తగ్గినా వెచ్చదనం ఆ మేరకు తగ్గదు. అందుకని ముక్కుపుటాల్లో సన్నటి గొట్టం అమర్చి పీడనం కొలుస్తారు. ఇందులోనూ ఒక తిరకాసుంది. ఈ పీడనం గాలి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. గాలి 100 నుంచి 70కి తగ్గితే పీడనం 100 నుంచి 49కి పడుతుంది. అంటే మూడోవంతుకు తక్కువైన తగ్గుదల గీతలో సగం పడిపోయినట్టు కనిపిస్తుంది! దీన్ని సరిచేయడానికి కొన్ని ల్యాబుల్లో వర్గమూలం తీసి గీస్తారు. నోటితో ఊపిరి తీసేవాళ్లు ఈ గొట్టాన్ని ఇట్టే మోసం చేస్తారు కనుక రెండు సెన్సర్లూ పెడతారు. ఛాతీకి, పొట్టకు పట్టీలు ఉంటాయి. గొంతు ఇరుకైనప్పుడు ఛాతీ, పొట్ట ఒకదానికొకటి ఎదురు కదులుతాయి.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2012లో ఇచ్చిన నిర్వచనం ఇది: గాలి కనీసం 30 శాతం తగ్గాలి, 10 సెకన్లయినా అలా ఉండాలి, దానితోపాటు ఆక్సిజన్ 3 శాతం పడాలి లేదా మెదడు ఉలిక్కిపడాలి. 30 శాతం దగ్గర ప్రకృతి ఏ గీతా గీయలేదు, నిపుణులు కూర్చుని గీసుకున్నారు. ఆక్సిజన్‌ను వేలికి పెట్టిన క్లిప్పు చూస్తుంది. ఊపిరితిత్తుల్లోంచి నెత్తురు వేలిదాకా చేరాలి కాబట్టి, గాలి తగ్గిన కాసేపటికి గానీ అక్కడ అంకె పడదు. ఉలికిపాటు తలకు అతికించిన తీగల్లో తెలుస్తుంది. మెదడు తరంగాల తీరు మారి కనీసం 3 సెకన్లు అలాగే నిలవాలి.

ఆగినవీ, తగ్గినవీ కలిపి, నిద్రపోయిన గంటలతో భాగిస్తే వచ్చేదే ఏహెచ్ఐ. 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. కాకపోతే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ పద్ధతిలో ఆక్సిజన్ 4 శాతం పడితేనే హైపోప్నియా, ఉలికిపాటుకు విలువ లేదు. అదే మనిషికి, అదే రాత్రికి ఒక పద్ధతిలో జబ్బు ఉంటుంది, ఇంకోదానిలో ఉండకపోవచ్చు. అందుకే రిపోర్టు చేతికొచ్చాక అంకెకంటే ముందు నేను వెతికేది పక్కనున్న 3 శాతమో, 4 శాతమో అన్న చిన్న అక్షరాల్నే.

ఇంట్లో చేసుకునే పరీక్షలో మరో చిక్కు. చాలా పరికరాల్లో తల తీగలుండవు, ఉలికిపాట్లు లెక్కకే రావు. నిద్రపోయిన గంటలకు బదులు యంత్రం నడిచిన గంటలతో భాగిస్తారు. ఆరు గంటల నిద్రలో 36 సార్లు ఊపిరి తగ్గితే గంటకు 6. అదే యంత్రం ఎనిమిది గంటలు నడిస్తే గంటకు నాలుగున్నర, అంటే మామూలు. ఫ్యాన్‌కేసి చూస్తూ దొర్లిన ఆ రెండు గంటలూ భాగహారంలో కలిసిపోతాయి.