లజ్జాగౌరి రాయి, రవీందర్ రెడ్డి రెసిన్

గద్వాల నుండి ఆగ్నేయముగా సాగి తుంగభద్ర యొడ్డున ఆలంపురము చేరిన యాత్రికుడు, జోగులాంబను దర్శించి, బాదామి చాళుక్యుల కాలమున 7, 8 శతాబ్దులలో వెలసిన నవబ్రహ్మాలయములను చుట్టివచ్చి, సాధారణముగా అచ్చటి మ్యూజియమును మాత్రము విడిచి మరలిపోవును. విడువకుండిన యెడల, శిరస్సునకు మారుగా వికసితపద్మమును దాల్చి, కాళ్లు రెండును మడచి ఇరువైపులకు చాచి, ప్రసవవేళ యందువలె నిస్సంకోచముగా నున్న లజ్జాగౌరీదేవి శిలామూర్తి యాతని చూపును పట్టి నిలుపును. నేటి ప్రదర్శనశాలలో ఎవరైన ఇట్టి రూపమును కొత్తగా నిలిపినచో కలకలము తప్పదు. ఈమెకో, సంతానార్థినులు చేతులు జోడించిరి.

ఈ భేదమునకు కాలదూరముతోపాటు పదార్థమును కారణమే. మన శిల్పశాస్త్రములు రాతిని సైతము, తట్టినపుడు పలుకు నాదమును బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల యని విభజించి, దేవీమూర్తికి స్త్రీశిల తగునని విధించినవి. అనగా శిల్పి ఉలి పట్టకమునుపే రాతికొక జాతియు, ఒక యోగ్యతయు కలవు. అందు మలచిన దేహము ఎంత వివస్త్రమైనను భక్తుని కంటికి ముందుగా ఆ యోగ్యతయే గోచరించును.

అట్టి యోగ్యత లేశమును లేని సరకును కోరి చేపట్టినవారు జి. రవీందర్ రెడ్డి. 1956లో సూర్యాపేటలో జన్మించి, బరోడాలోను లండన్‌లోను విద్య నభ్యసించి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో శిల్పకళను బోధించిన ఈయన, ముందుగా మట్టితో రూపమును తీర్చి, దానినుండి అచ్చు తీసి, ఆ అచ్చులో గాజునారను పాలియెస్టర్ రెసిన్‌తో పొరలు పొరలుగా అంటించి, గట్టిపడిన పిదప వెలికితీసి, మెరుగు రంగులు పూయుదురు, లేదా బంగారు రేకు తాపుదురు. లోపల గుల్ల, పైన కనకము. పడవలకును నీటితొట్లకును వాడు సరకుతో మనిషి యెత్తును మించు స్త్రీశిరస్సులు! కొప్పున పూలదండలు మన వీథులలో నిత్యము కనబడునవే. కన్నులు మాత్రము పోచమ్మ, ఎల్లమ్మలవి, రెప్పపాటు లేక విప్పారినవి. ఆయన నగ్నస్త్రీమూర్తులును ఇట్లే జంకు లేక ఎదుటివానిని చూచును. లజ్జాగౌరికి ముఖము లేదు, దేహమే సర్వస్వము. ఈ శిరస్సులకు దేహము లేదు, చూపే సర్వస్వము. చౌకసరకు దేవతవలె తన్ను నిలదీయుచున్నందుకే ప్రేక్షకుడు కలతపడునని నా తలంపు. (ప్రతి శిరస్సునకును ఆ శక్తి కలదనలేను, కొన్నింట బంగారమే మాటలాడును, ముఖము ఊరకుండును.)

పదార్థముతోపాటు చోటును లెక్కకు వచ్చును. 1917లో న్యూయార్కున కళాకారుడు మార్సెల్ డ్యూషాఁ దుకాణములో దొరకు మూత్రపాత్రను శిల్పమని ప్రదర్శనకు పంపగా నిర్వాహకులు దానిని ప్రదర్శనలో నిలుపలేదు. మన యొద్ద శ్రీశైలం జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమున మరల కట్టిరి. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల ఆలయములకును స్థానచలనము కలిగినది. నేల మారినను దైవము మారలేదు. లజ్జాగౌరి మాత్రము మ్యూజియమున చేరి కళాఖండమైనది.

కృత్రిమపదార్థమే దోషమైనచో, వనపర్తిలోనైనను నాగర్‌కర్నూలులోనైనను చవితికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గణపతికి ఎవ్వరును హారతి పట్టకుందురు. కాని ఆయనకు ఆవాహన యున్నది, ఉద్వాసన యున్నది, పిమ్మట నిమజ్జన మున్నది. రవీందర్ రెడ్డి శిరస్సులకు ఆ క్రమ మేదియు లేదు. మ్రొక్కి సాగనంపుటకు వీలుపడదు, కొని యింట పెట్టుకొన్నవాడును దినదినమును ఆ కన్నులను ఎదుర్కొనక తప్పదు.