అమడల కాన్పులో రెండవ శిశువు: తాడిపత్రి ప్రాంత నేపథ్యం

కవలలకు తెలుగులో ‘అమడలు’ అనే పేరు కూడా ఉంది. జంటగా అతుక్కొన్న అరటిపండు తింటే అమడలు పుడతారనే నమ్మకంతో ఆడపిల్లలను ఆ పండు తిననివ్వని ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఆ నమ్మకానికి శాస్త్రీయాధారం లేదు. కవలల కాన్పు పట్ల పూర్వులకు గల భయం మాత్రం నిరాధారం కాదు. దానికి మూలం చాలావరకు మొదటి బిడ్డ పుట్టిన తరువాతి అరగంటలో ఉంది.

మొదటి శిశువు బయటికి రాగానే గర్భాశయంలో ఒక్కసారిగా ఖాళీ ఏర్పడుతుంది. అంతవరకు తలకిందుగా ఉన్న రెండవ శిశువు అడ్డం తిరగవచ్చు. ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు బొడ్డుతాడు శిశువు కంటె ముందుగా జారి నొక్కుకుపోవచ్చు. కుంచించుకొంటున్న గర్భాశయపు గోడనుండి మాయ ముందే విడిపోవచ్చు. చివరి రెండింటిలో ఏది జరిగినా శిశువుకు ప్రాణవాయువు నిమిషాలలో తగ్గిపోతుంది. అడ్డం తిరిగిన బిడ్డను నిపుణులు పొట్టపైనుండి తిప్పి సరిచేస్తారు, లేదా గర్భాశయంలోకి చేయి పోనిచ్చి పాదాలు పట్టి బయటికి తెస్తారు. సిజేరియన్లు పెరిగినకొద్దీ ఈ రెండవ పద్ధతి తెలిసిన చేతులు తగ్గుతున్నాయన్నది ప్రసూతి విద్యలో విస్మరించరాని విషయం. ఆ నైపుణ్యం అందుబాటులో లేనిచోట మొదటి బిడ్డ సహజంగా పుట్టిన తల్లికే రెండవ బిడ్డ కోసం కడుపు కోయవలసి వస్తుంది.

కవలలని ముందుగా తెలియకపోవడం వీటన్నిటికంటె పెద్ద చిక్కు. సాధారణ ప్రసవంలో బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేయడం రక్తస్రావ నివారణకు ప్రామాణిక విధానం. లోపల మరొక బిడ్డ ఉండగా అదే సూది వేస్తే గర్భాశయం బిగుసుకొని ఆ బిడ్డను బంధిస్తుంది. సూదికి ముందు పొట్ట తడిమి, రెండవ బిడ్డ లేదని నిర్ధారించుకోవాలని నర్సులకు శిక్షణలో బోధించేది ఇందుకే.

తాడిపత్రి విషయంలో ఈ నిమిషాల లెక్క దూరంతో ముడిపడుతుంది. పెన్నా ఒడ్డునున్న ఈ పట్టణం నుండి జిల్లా కేంద్రమైన అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సుమారు 55 కిలోమీటర్లు. చుట్టుపక్కల పల్లెల వారికి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 సేవ గర్భిణులను ఆసుపత్రికి చేర్చడంలో ఎంతో ఉపకరించింది. అయినా బొడ్డుతాడు జారిన శిశువు ఆ ప్రయాణానికి ఆగలేదు. కాబట్టి నొప్పులు రాకముందే గర్భిణి ఎక్కడ ఉండాలన్నది అసలు ప్రశ్న.

దానికి జవాబు గర్భం 11 నుండి 14 వారాల మధ్య తీసే స్కానింగ్‌లో దొరుకుతుంది. ఇద్దరికీ వేర్వేరు మాయలుంటే పొరలు కలిసేచోట గ్రీకు ‘లాంబ్డా’ అక్షరం వంటి ఆకృతి కనిపిస్తుంది, ఒకే మాయ అయితే ఇంగ్లీషు ‘టీ’ అక్షరం వంటిది. ఆ తరువాత ఈ భేదాన్ని గుర్తించడం కష్టమవుతుంది. ఒకే మాయను పంచుకొన్న కవలలలో 10-15 శాతం మందికి రక్తప్రసరణ ఒకరినుండి మరొకరికి మళ్లే ప్రమాదం ఉంది. చిక్కులు లేకుంటే వేర్వేరు మాయల కవలలకు 37వ వారంలో, ఒకే మాయ గలవారికి 36వ వారంలో కాన్పు సూచిస్తారు. ఉమ్మనీటి సంచి కూడా ఒకటే అయితే 32-34 వారాల మధ్య సిజేరియన్ చేస్తారు. అయితే కరువు ఏళ్లలో కూలికై బెంగళూరు వలసపోయే కుటుంబాలలోను, కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారంలోను స్కానింగ్ కాగితం ఒకచోట, కాన్పు మరొకచోట అవుతాయి. ఆ కాగితం గర్భిణి వెంట ప్రయాణించేలా చూడడం ఆశా కార్యకర్త చేయగల చిన్న పనే గాని, దాని విలువ పెద్దది.

అందరికీ సిజేరియన్ చేస్తే సరిపోదా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఇప్పటికే శస్త్రచికిత్సతో జరుగుతున్నాయి. మొదటి శిశువు తలకిందుగా ఉన్న సుమారు 2,800 మంది కవల గర్భిణులపై 25 దేశాలలో జరిగి, 2013లో వెలువడిన అధ్యయనంలో ముందే నిర్ణయించిన సిజేరియన్ వల్ల శిశువులకు అదనపు మేలు కనిపించలేదు. అయితే అవి అత్యవసర శస్త్రచికిత్సకు సిద్ధంగా ఉన్న ఆసుపత్రులన్న సంగతి మరువరాదు. 2019లో గుంటూరులో 70 ఏళ్లు దాటిన మహిళకు కృత్రిమ గర్భధారణతో కలిగిన కవలలను సిజేరియన్ ద్వారా బయటికి తీశారు. దేశవ్యాప్త చర్చకు దారితీసిన ఆ ఉదంతంలో వయసు దృష్ట్యా శస్త్రచికిత్స సహజమైన నిర్ణయం. తాడిపత్రి పరిసరాల యువ గర్భిణికి అది ప్రమాణం కాజాలదు.

ఇద్దరు బిడ్డలూ క్షేమంగా పుట్టినంత మాత్రాన తల్లి గండం గడిచినట్లు కాదు. అతిగా సాగిన గర్భాశయం త్వరగా బిగుసుకోక రక్తస్రావం అధికమవుతుంది. అదే సర్వేలో రాష్ట్ర గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులని తేలింది. అట్టివారు సాధారణ స్థాయి రక్తనష్టాన్ని సైతం తట్టుకోలేరు. కంటిచూపుతో వేసే అంచనా తరచు తక్కువగానే ఉంటుంది. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిలో రక్తాన్ని సేకరించి, పరిమితి దాటగానే అన్ని చికిత్సలనూ ఒకేసారి ప్రారంభించే విధానాన్ని నాలుగు ఆఫ్రికా దేశాలలో పరీక్షించారు. 2023లో ప్రకటితమైన ఆ ఫలితాల ప్రకారం సహజ ప్రసవాలలో తీవ్ర రక్తస్రావం, తత్సంబంధ శస్త్రచికిత్స, మరణం కలిపి 60 శాతం తగ్గాయి. ఆ సంచికి విద్యుత్తు గాని, ఖరీదైన యంత్రం గాని అవసరం లేదు.