గుండెలో చేపల చెరువు

కైకలూరు నుంచి ఆకివీడు వైపు బండి మీద వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. గట్టు, తూము, మోటారు... కొల్లేరోళ్లకి ఇవి కొత్తా? అయితే గుండె జబ్బు మీకు ఇట్టే అర్థమైపోతుంది.

గుండె కండరంలో ప్రతి కణం లోపలా ఓ బుల్లి చెరువుంటుంది. అందులో నిల్వ ఉండేది కాల్షియం. విద్యుత్ సిగ్నల్ రాగానే కణం బయట నుంచి కాస్త కాల్షియం లోపలికొస్తుంది. అది తగలగానే చెరువు తూము తెరుచుకుంటుంది. బయటపడ్డ కాల్షియంతో కండరం బిగుసుకుని రక్తాన్ని నెడుతుంది. వెంటనే ‘సెర్కా’ అనే మోటారు ఆ కాల్షియంలో ఎక్కువ భాగాన్ని మళ్లీ చెరువులోకి తోడేస్తుంది. కండరం వదులవుతుంది. నిమిషానికి 70 సార్లకు పైగా ఇదే పని!

కాల్షియం సంగతి బయటపడింది మాత్రం పొరపాటున. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ ఉప్పు ద్రావణంలో పెట్టిన కప్ప గుండె చక్కగా కొట్టుకుంది. తీరా చూస్తే అది కుళాయి నీళ్లతో కలిపిన ద్రావణం! డిస్టిల్డ్ వాటర్‌తో కలిపితే గుండె ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాల్షియమే అసలు కారణం.

సరే, మోటారుకి కరెంటు కావాలిగా? సెర్కాకి ఆ కరెంటు ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి దాన్ని గుర్తించింది మన యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది భీమవరంలో, 1895లో. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టారనుకోండి. కరెంటు తగ్గితే ఆదుకునే ఇన్వర్టర్ లాంటి ఫాస్ఫోక్రియాటిన్‌ని అయితే సుబ్బారావు, ఫిస్క్ 1927లోనే పట్టేశారు. ఇంత చేసినా నోబెల్ రాలేదు!

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం అనుకుంటారు చాలామంది. కాదు, సరిపడా పంప్ చేయలేకపోవడం. చాలామంది రోగుల్లో సెర్కా తగ్గిపోతుంది, పైగా తూము కారుతుంది. దాంతో కండరం పూర్తిగా వదులవదు, చెరువులో నిల్వ తగ్గి తర్వాతి దెబ్బకి బలమూ చాలదు.

మరి కొత్త మోటారు బిగించొచ్చుగా? అదీ చూశారు. సెర్కా జీన్‌ని వైరస్‌లో పెట్టి గుండెకి పంపారు. ‘క్యుపిడ్ 2’ ట్రయల్‌లో 250 మంది. 2015లో ఫలితం వచ్చింది: లాభం కనిపించలేదు. తగినన్ని కణాలకి జీన్ చేరలేదేమోనని అనుమానం. ఇప్పుడు సెర్కాకి బ్రేకులేసే ఫాస్ఫోలాంబాన్ మీద పరిశోధకుల కన్ను పడింది.

అప్పటిదాకా రోజూ వేసుకునే బిళ్లలే దిక్కు. షుగర్ కోసం తెచ్చిన ఒక రకం మందులు షుగర్ లేని హార్ట్ ఫెయిల్యూర్ రోగులకీ పనిచేస్తున్నాయి. తేలిగ్గా ఉందని బిళ్లలు మానేస్తే మాత్రం మొదటికే మోసం. కాల్షియం టాబ్లెట్లతో సెర్కా బాగుపడదు, సొంతంగా మొదలెట్టకండి.

ఇంట్లో నాన్నగారు పడుకుంటే ఆయాసమొచ్చి రెండు దిండ్లు పెట్టుకుంటున్నారా? కాళ్లు వాస్తున్నాయా? నాలుగు రోజుల్లోనే బరువు పెరిగారా? గ్యాస్ అని సర్దుకోకుండా ఏలూరో గూడెమో తీసుకెళ్లి ఎకో తీయించండి.