అమ్మమ్మ ఊరి జట్టు

2023 జూలై 25, మంగళవారం. జనగామలో ముసురు. పొద్దున పదకొండింటికి పని పక్కన పెట్టి ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. అక్కడ న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో సాయంత్రం అయిదున్నర. మహిళల ప్రపంచ కప్‌లో ఆతిథ్య దేశంతో ఫిలిప్పీన్స్ ఆడుతోంది. 24వ నిమిషంలో సారా ఎగ్గెస్విక్ వేసిన బంతికి సరీనా బోల్డెన్ ఎగిరి తల ఆనించింది. గోల్‌కీపర్ చేతికి తగిలినా బంతి ఆగలేదు. ఆ తర్వాత నేను కుర్చీలో కుదురుగా కూర్చున్నది లేదు. న్యూజీలాండ్ కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్ అని తీసేశారు. చివరి నిమిషాల్లో ఫిలిప్పీన్స్ గోల్‌కీపర్ ఒలీవియా మెక్‌డానియల్ మరో బంతిని చేత్తో తోసేసింది. ఈల మోగింది. 1-0. ప్రపంచ కప్‌లో ఫిలిప్పీన్స్‌కు అదే మొదటి గోల్, అదే మొదటి గెలుపు.

నా కేకకు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"ఎవరు గెలిచిన్రు?"

"మనోళ్లే."

"మనోళ్లెవరు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను.

జనగామలో ఉండి ఫిలిప్పీన్స్ ఫుట్‌బాల్‌ను అభిమానించడమేమిటని ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ ఖాళీ జాగా దొరికితే క్రికెట్, దొరక్కపోతే వాలీబాల్, పండక్కి కబడ్డీ. ఈ పిచ్చి నాకు అంటించింది భూపాలపల్లిలో ఉండే మా చిన్నమ్మ కూతురు. చిన్నాయన సింగరేణిలో పని చేసేవాడు. చెల్లెకు ఇక్కడ ఎంబీబీఎస్ సీటు రాలేదు. ఫిలిప్పీన్స్‌లోని దావావ్ వెళ్లింది. 2022లో మానుకోటకు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి గానీ, చెల్లె విమానం ఎక్కేనాటికి మూడింట్లో ఒక్కటీ లేదు. దావావ్‌లో తెలుగు మాట చెవిన పడని రోజు లేదనేది. తన క్లాసులో మన పిల్లలే అంతమంది.

"అన్నా, ఈడ గల్లీ గల్లీకి బాస్కెట్‌బాల్ రింగే. ఫుట్‌బాల్ టీంల ఉన్నోళ్లేమో సగానికి సగం ఈడ పుట్టినోళ్లే కారు. గదేం టీం?" అని ఒకసారి ఫోన్లో అంది.

గదేం టీమో చూద్దామని చూడటం మొదలుపెట్టినవాణ్ణి మరి వదల్లేదు.

ఫిలిప్పీన్స్ దశాబ్దాలుగా మనుషులను బయటికి పంపే దేశం. నర్సులు, ఓడల్లో పనివాళ్లు, ఇళ్లల్లో పిల్లలను చూసుకునే ఆడవాళ్లు. వాళ్లు వెళ్లిన చోట పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లలను కన్నారు. ఆ పిల్లలు ఇంగ్లండ్‌లోనో, జర్మనీలోనో, కాలిఫోర్నియాలోనో మంచి మైదానాల మీద బంతి తన్నుతూ పెరిగారు. అక్కడి రాజ్యాంగం తల్లి ఫిలిప్పీనా అయినా, తండ్రి ఫిలిపీనో అయినా బిడ్డ మావాడే అంటుంది. 2003లో తెచ్చిన చట్టంతో, వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్లు కూడా పాతది తిరిగి పొందొచ్చు, రెండూ ఉంచుకోవచ్చు. సముద్రాల అవతల పెరుగుతున్న పంట ఇంటిదే అయింది.

ఫిల్, జేమ్స్ యంగ్‌హస్బెండ్ అన్నదమ్ముల సంగతి సినిమాలా ఉంటుంది. లండన్ పక్కన పుట్టి చెల్సీ అకాడమీలో ఆట నేర్చుకున్నారు. వీళ్ల అమ్మ ఫిలిప్పీనా అనే సంగతిని ఒక కంప్యూటర్ ఫుట్‌బాల్ గేమ్‌లో అభిమాని ఎవరో కనిపెట్టి, అక్కడి ఫెడరేషన్ చెవిన వేశాడని చెప్పుకుంటారు. తర్వాత ఫిల్ ఆ దేశానికి 52 గోల్స్ కొట్టాడు. 2010 డిసెంబరు 5న హనోయ్‌లో, అప్పటి ఆసియాన్ చాంపియన్ వియత్నాంను వాళ్ల సొంత గడ్డ మీదే 2-0తో ఓడించారు. ఒక గోల్ క్రిస్ గ్రేట్‌విచ్‌ది, ఒకటి ఫిల్‌ది. ఆ ఆసియాన్ పోటీ సెమీఫైనల్ మాత్రం రెండు మ్యాచులూ జకార్తాలోనే ఆడాల్సి వచ్చింది, సొంత దేశంలో ప్రమాణాలకు తగిన స్టేడియం లేక. రెండూ 0-1తో పోయాయి. అప్పట్లో ఆ జట్టు ముద్దుపేరు అజ్కల్స్. వీధికుక్కను వాళ్లు పిలిచే మాట నుంచి పుట్టింది. 2024లో ఆ పేరు తీసేశారు. నాకైతే నచ్చలేదు. ఏ జాతో చెప్పలేని, ఏ ఇంటిదో తెలియని, అయినా గల్లీ మొత్తం తమదే అనుకునే కుక్క. అంతకంటే సరిపోయే పేరు ఆ జట్టుకు ఎక్కడ దొరుకుతుంది?

తర్వాత నీల్ ఎథెరిడ్జ్ వచ్చాడు. 2018లో కార్డిఫ్ సిటీ గోల్‌లో నిలబడి, ప్రీమియర్ లీగ్ ఆడిన మొదటి ఫిలిపీనో అయ్యాడు. మొదటి రెండు మ్యాచుల్లోనూ ఒక్కో పెనాల్టీ ఆపాడు. స్టెఫాన్ ష్రోక్ జర్మనీలో హాఫెన్‌హైమ్‌కు ఆడినవాడు. 2019 ఆసియా కప్‌లో ఫిలిప్పీన్స్ మొదటి గోల్ అతనిదే. మనం కూడా వీళ్ల దెబ్బ తిన్నవాళ్లమే. 2012 మార్చిలో కాఠ్మాండూలో ఫిల్ రెండు గోల్స్‌తో ఇండియాను ఓడించాడు.

ఇదంతా కొత్త ఎత్తుగడ అనుకుంటే పొరపాటు. 1896లో ఇలోయిలోలో స్పెయిన్ తండ్రికి, ఫిలిప్పీనా తల్లికి పుట్టిన పౌలినో అల్కాంతరా 15 ఏళ్లకే బార్సిలోనాకు ఆడాడు. 1917లో టోక్యోలో జపాన్‌ను 15-2తో చిత్తు చేసిన ఫిలిప్పీన్స్ జట్టులోనూ ఉన్నాడు. స్నేహపూర్వక మ్యాచులతో కలిపి బార్సిలోనాకు అతను కొట్టిన 369 గోల్స్ రికార్డు మెస్సీ వచ్చేదాకా చెక్కుచెదరలేదు. 1927లో ఆట మానేశాడు, డాక్టరీ చేయడానికి. ఈ ముక్క చెప్పినప్పుడు మా చెల్లె, "చూసినవా, ఫిలిప్పీన్స్ ఎంబీబీఎస్ అప్పటినుంచే ఉంది" అని తెగ నవ్వింది.

ఎక్కువ బాధపెట్టింది మాత్రం పుణె. 2022 మహిళల ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. మన జట్టులో కోవిడ్ చొరబడి, చైనీస్ తైపీతో ఆట ఆడలేకపోయి, పోటీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. జనవరి 30న పుణెలో అదే చైనీస్ తైపీని పెనాల్టీల్లో ఓడించి ఫిలిప్పీన్స్ ప్రపంచ కప్ టికెట్ కొట్టింది. ఆఖరి తన్ను బోల్డెన్‌దే. ఆ పిల్లల్లో ఎక్కువమంది అమెరికాలో పుట్టినవాళ్లు. మన పిల్లలు హోటల్ గదుల్లో తలుపులేసుకొని ఉన్నారు.

మన దగ్గర లెక్క వేరు. జాతీయ జట్టుకు ఆడాలంటే ఇండియా పాస్‌పోర్టే ఉండాలి. రెండు పౌరసత్వాలు కుదరవు. నాన్న గుజరాతీ, అమ్మ జపనీస్ అయిన అరాటా ఇజుమి జపాన్ పౌరసత్వం వదులుకున్నాకే 2013లో మనకు ఆడాడు. అమ్మ తరఫున ముంబై మూలాలున్న ర్యాన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఇచ్చేసి మనది తీసుకున్నాడు. ఈ దారిలో వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

తెలుగువాళ్లమైనా ఇంత నష్టపోలేదనుకునేవాణ్ణి, వికాష్ ధోరసూ సంగతి తెలిసేదాకా. మారిషస్ తెలుగు కుటుంబపు బిడ్డ. చెరుకు తోటల కూలికి కోరంగి రేవు నుంచి ఓడెక్కిన మనవాళ్లను ఆ దీవిలో కోరంగీలు అనేవారు. ఇవాళ అక్కడ ఉగాదికి సర్కారు సెలవు. ధోరసూ 1973లో ఫ్రాన్స్‌లో పుట్టి లియోన్‌కు, ఏసీ మిలాన్‌కు, పారిస్ సాంజెర్మేన్‌కు ఆడాడు. 2006 ప్రపంచ కప్‌లో జిదాన్ ఉన్న ఫ్రాన్స్ జట్టులో ఉన్నాడు. రెండు మ్యాచుల్లో చివరి కొన్ని నిమిషాలే దింపారు. మిగతాదంతా బెంచీ మీద కూర్చొని చేతి కెమెరాతో తీసుకున్నాడు, అది తర్వాత సినిమా కూడా అయింది. కోరంగి నుంచి ప్రపంచ కప్ దాకా వెళ్లిన తెలుగు నెత్తురు అది. మనలో ఎంతమందికి తెలుసు?

సరే, బయటివాళ్ల సంగతి ఉండనీ, ఇక్కడున్నవాళ్లమైనా ఒక్క మూల నుంచి వచ్చామా అని చూడబోతే, సికింద్రాబాద్–బెజవాడ రైలు లైనే సాక్ష్యం చెబుతుంది. జనగామలో రైలెక్కితే కాజీపేట, మానుకోట, తర్వాత డోర్నకల్. యెల్లందు బొగ్గు కోసం వేసిన దారి అక్కడే చీలుతుంది. డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను ఒకసారి ఆగి చూడండి. గుమ్మటాలు మసీదువి, స్తంభాలు గుడివి, లోపల శిలువ. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. వచ్చి తెలుగు నేర్చుకొని, ఇక్కడే 1945లో కన్నుమూశాడు. అతను లోకలా, నాన్‌లోకలా?

మానుకోట చుట్టూ లంబాడా తండాలే. బానోతు, భూక్యా, ధరావతు, గుగులోతు. ఇంట్లో గోర్ బోలీ, బడిలో తెలుగు, సంతలో రెండూ. ఆ గుగులోతు ఇంటిపేరుతోనే నిజామాబాద్ జిల్లా తండా నుంచి సౌమ్య దేశపు జట్టు దాకా వెళ్లింది. 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2024–25లో ఈస్ట్ బెంగాల్‌కు లీగ్ టైటిల్ గెలిపించిన జట్టులో ఉండి, ఆ ఏడాదికి దేశపు ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయింది. మానుకోట సంతలో ఓణీ వేసుకున్న పిల్ల ఒకామె బస్సు కోసం ఉరుకుతుంటే, ఈ కాళ్లకు బంతి ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్ రహీం సాబ్ జట్టులో అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్‌తో పాటు అమ్ముగూడలోని తమిళ కుటుంబపు బలరాం కూడా ఉన్నాడు. ఆ నగరం మొత్తం మైదానంలో కనపడేది.

భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా బస్సు. సింగరేణి కాలనీల్లో పలకరిస్తే ఒక ఇంట్లో మంచిర్యాల యాస, పక్కింట్లో కొత్తగూడెం యాస. అడవి వైపు కోయలు, నాయకపోళ్లు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్ర. ఇవతలి ఒడ్డున ఎస్టీ అయిన లంబాడా, అవతలి ఒడ్డున కాదు. నది అదే, బోలీ అదే, కాగితం మారుతుంది.

లోకల్ మాట మనకు కొత్త కాదు. స్థానికులకే కొలువులంటూ 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ గొడవ అక్కణ్ణుంచి ఎంత దూరం వచ్చిందో చెప్పక్కర్లేదు. భూపాలపల్లి జిల్లాకు పెట్టిన పేరు తెలంగాణ ఉద్యమపు జయశంకర్ సారుదే. ఆ కొట్లాట న్యాయం కోసం, నేను దానికి ఒక్క అక్షరం అడ్డు చెప్పను. కానీ 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం మెడికల్ సీటుకు లోకల్ కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ ఇక్కడే చదవాలి. మా చుట్టాల్లో విజయవాడలో ఇంటర్ చదివిన పిల్లాడి పేరు చెప్పగానే వాళ్ల నాయిన ముఖం మాడిపోతుంది. ఫిలిప్పీన్స్ అమ్మ ఎవరని అడుగుతుంది. మన దేశం పాస్‌పోర్టు ఏదని అడుగుతుంది. రాష్ట్రం ఇంటర్ ఎక్కడని అడుగుతుంది.

వెల్లింగ్టన్ గెలుపు తర్వాత రెండో రోజు, జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి పక్కన మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల పైకప్పుల మీద నిలబడ్డారు, హెలికాప్టర్లు వచ్చాయి. నలుగురు కొట్టుకుపోయారు. తుఫాన్ల దేశంలో ఉన్న చెల్లె ఆ రోజంతా ఫోన్లు చేస్తూనే ఉంది. ఆదివారం నార్వే చేతిలో ఫిలిప్పీన్స్ 0-6తో ఓడి ఇంటిదారి పట్టింది. ఆ మ్యాచ్ మేమిద్దరం చూడలేదు.

చెల్లె చదువు ముగించుకొని వచ్చింది. ఇక్కడ ప్రాక్టీసుకు పరీక్ష రాయాలి, పుస్తకాల మధ్య ఉంటోంది. మొన్న వెళ్లినప్పుడు సాయంత్రం సింగరేణి స్టేడియం వైపు నడిచాం. తను ఫిలిప్పీన్స్ నీలం జెర్సీ వేసుకుంది. ఒక మూల నలుగురు పిల్లలు గాలి సగం పోయిన ఫుట్‌బాల్‌ను తన్నుకుంటున్నారు. బంతి మా వైపు వస్తే చెల్లె కాలితో ఆపింది. వెంట వచ్చిన పిల్లాణ్ణి, "ఏ ఊరు రా మీది?" అని అడిగాను.

"నాయినదా, అమ్మదా?" అన్నాడు వాడు. మేం నోరు తెరిచేలోగా బంతి చంకన పెట్టుకొని ఉరికాడు.