లోహపు పన్నుకూ పాచి పడుతుంది

హదీసు పాఠంలో హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) ప్రస్తావన వచ్చిన రోజున విద్యార్థులు చెవులు నిక్కబొడుచుకుని వింటారు. అజ్ఞానకాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు చేయించుకుంటే దాని నుంచి దుర్గంధం రాసాగింది. అప్పుడు బంగారపు ముక్కు పెట్టుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టుకోవచ్చునా అన్న చర్చలో ఫుఖహాలు దీనినే ముందుంచుకున్నారు. ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) సమ్మతించారు. ఇమామ్ అబూహనీఫా (రహ్మ) వెండినే అనుమతించారు.

ఈ రోజుల్లో ఆ స్థానాన్ని టైటానియం ఆక్రమించింది. దవడ ఎముకలో మరలాగా బిగించి, దానిపై పన్ను అమర్చుతారు. మా విద్యార్థి ఒకరి తండ్రి అలా వేయించుకుని, “మౌలానా, ఈ పన్నుకు పుచ్చు పట్టదు. ఇక తోమే బాధ తప్పింది” అన్నారు. నాలుగేళ్లకు అది కదలసాగింది, తీసివేయక తప్పలేదు. అంతకాలం నొప్పి అనేదే లేదట.

ఆయన అన్నదానిలో సగం నిజమే. పుచ్చు పట్టదు. పాచి మాత్రం పడుతుంది.

లోపం లోహానిది కాదు. టైటానియం ఎముకతో ఏకమవుతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952లో కుందేళ్లపై పరిశోధిస్తూ గమనించారు. 1965లో ఆయన తొలి రోగికి అమర్చినవి ఆ రోగి మరణించేవరకు, నలభై ఏళ్లపాటు పనిచేశాయి. బలహీనత చిగురు దగ్గర ఉంది. అల్లాహ్ ఇచ్చిన పన్ను వేరులోకి చిగురు నారపోగులు నాటుకుని ఉంటాయి. ఇంప్లాంటు చుట్టూ అవి కేవలం ఆనుకుని ఉంటాయి. అందువల్ల సూక్ష్మజీవులకు లోపలి దారి సులువవుతుంది.

శుభ్రం చేసిన కొద్ది నిమిషాలకే లాలాజలంలోని మాంసకృత్తులు లోహంపై పలుచని పొరగా పరచుకుంటాయి. కొన్ని గంటల్లో బాక్టీరియా దానికి అంటుకుని, జిగురు స్రవించి, ఆ జిగురులోనే కాపురం పెడుతుంది. దీనినే బయోఫిల్మ్ అంటారు. మన ఇళ్లలో దాని పేరు పాచి. 1680లలో హాలండుకు చెందిన లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని సూక్ష్మదర్శినిలో చూశారు. వెనిగర్‌తో పుక్కిలిస్తే పైపైన ఉన్న జీవులే చచ్చాయని, లోపలివి బతికే ఉన్నాయని గుర్తించారు. నేటి మౌత్‌వాష్‌కూ అదే పరిమితి. పాచిని రుద్ది తొలగించవలసిందే.

అలా తొలగించకపోతే మొదట చిగురు ఎర్రబడి, తోమేటప్పుడు రక్తం కనిపిస్తుంది. ఈ దశలో శుభ్రత పాటిస్తే చిగురు తిరిగి కోలుకుంటుంది. నిర్లక్ష్యం చేస్తే వాపు ఎముకకు చేరి దానిని కరిగిస్తుంది. కరిగిన ఎముక మునుపటిలా తిరిగి రావడం కష్టం. రక్తం, చీము, దుర్వాసన కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఆగకండి.

మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, చిగురు అంచు వెంబడి తోమాలి. పళ్ళ సందుల్లోకి పోయే చిన్న బ్రష్ తప్పనిసరి. దాని పరిమాణాన్ని దంతవైద్యుడే చెప్పాలి. పిన్నీసుతో గీకడం మన ఇళ్లలో పాత జాడ్యం, దానిని మానాలి. చిగుళ్ల జబ్బు ఉంటే ఇంప్లాంటుకు ముందే నయం చేయించుకోవాలి. మధుమేహం అదుపులో ఉండాలి. బీడీ, సిగరెట్, గుట్కా మానాలి. పన్ను అంటించిన సిమెంటు చిగురు కింద మిగిలినా పాచికి అది నెలవవుతుంది. డాక్టరు చెప్పిన గడువుకు వెళ్లి చూపించుకోవడం అందుకే.

మరి మిస్వాక్? ఉమ్మతుకు భారమవుతుందని కాకపోతే ప్రతి నమాజు వేళా దానిని ఆజ్ఞాపించేవారమని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అయితే నిటారు పుల్ల వెనుక పళ్ళ లోపలి వైపుకు, ఇంప్లాంటు సందులకు సరిగా చేరదు. వుజూలో మిస్వాక్ చేయండి, రాత్రి పడుకునే ముందు బ్రష్ కూడా పట్టండి. ఒకటి ఉన్నదని రెండోది మానవద్దు.

రమజానులో సహరీ ముగించిన వెంటనే, ఇఫ్తార్ తర్వాత పేస్టుతో తోముకోవచ్చు. ఉపవాస వేళ పేస్టు వాడకండి. పచ్చిదైనా ఎండుదైనా మిస్వాక్‌కు పగలంతా హనఫీ ఫిఖ్హ్ లో అభ్యంతరం లేదు.