మీకు తెలుసా? మోకాలి వంపుకు మందు చీలమండ దగ్గర
సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరు పిల్లలు మోకాళ్లు వంచి నడుస్తారు. ఆ వంపును తగ్గించే బ్రేస్‌ను మోకాలికి కాదు, దాని కింద తొడుగుతారు!

• పాదం నుంచి మోకాలి కిందిదాకా ఉండే ఈ గట్టి ప్లాస్టిక్ తొడుగు చీలమండను కదలనివ్వదు. అడుగు ఆనినప్పుడు కాలు ముందుకు వాలదు. నేల నుంచి వచ్చే ఎదురుబలమే మోకాలిని వెనక్కి నెట్టి తిన్నగా నిలుపుతుంది.

• మోకాలు చాపినా తిన్నగా రానంతగా బిగుసుకుపోతే ఇది పనిచేయదు. ముందు ఆ బిగుతుకు చికిత్స కావాలి.

• తిరుపతిలో అలిపిరికి దగ్గర్లో, 1985లో టీటీడీ నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రిలో పోలియో బాధితులతో పాటు సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకూ చికిత్స ఉంది.

బ్రేస్ తీసిన అరగంటకూ చర్మంపై ఎర్రమచ్చ పోకపోతే, బ్రేస్ ఇరుకైందేమో వైద్యులకు చూపించండి.